మేనత్త బీడీల చాట, మా రచయితల సభ

డిగ్రీ చదివే కాలంల, కథ రాసుడు కన్నా ఆ కథ ఎట్ల పుట్టిందో చెప్పుకునుడే గొప్ప అనుకునేదాన్ని. (ఇప్పటికీ కొందరు అట్లనే బతుకుతున్నరు, పేర్లు అడగకండి.) అందుకే కోరుట్లల కొత్త రచయితలంత కూచొని ఎవరి మీద ఎవరి ప్రభావముందో చెప్పాలని పిలుపు రాంగనే, నోరు తిరగని పేర్లన్ని బట్టీ పట్టిన. మంచిగ మాట్లాడితే సభ పెట్టినోళ్లు అచ్చేసే సంకలనంల నా కథ ఉంటది. పానమంత దాని మీదనే. జగిత్యాల నుంచి ఒక్కదాన్ని పంపనని తోడు బయలుదేరింది మా మేనత్త, తునికాకు, తంబాకు, చాటతో సహా. "రేపు కార్ఖానల బీడీలు అప్పజెప్పాలె బిడ్డా." "సభల చాటేందత్తా, ఇజ్జత్ పోతది!" "చాట పట్టింది నేను, ఇజ్జత్ నీదెందుకు పోతదే?"

సభల ముందుగాల సిరిసిల్ల కవి లేచి, మరమగ్గం చప్పుడు లేకుంటె తనకు పాట రాదన్నడు. "మరి కరెంటు పోతే?" అని నేను అడ్డం తగిలిన. "కరెంటోళ్లను తిట్టుకుంట రాస్త!" వెల్గటూర్ పాస్టరు గారి బిడ్డ, చర్చిల నాయన చెప్పే వాక్యం రాసుకుంటున్నట్టు నటించి కథలు రాసేదట. పెగడపల్లి గీతకార్మికుని కొడుకు, తాటిచెట్టు మీద నుంచి ఊరు ఎట్ల కనబడ్తదో చెప్పిండు. నాకు అందరినీ ఇంకా అడగాలనే ఉండె, గాని నా వంతు వచ్చింది. మొదటి పేరు, ఎవరో రష్యా ఆయనది, పలికిననో లేదో, వెనక నుంచి అత్త: "గాయన ఏ ఊరాయనే బిడ్డా?"

సభంత నవ్వింది. నేను చచ్చిన. అధ్యక్షుల సారు నవ్వాపుకొని, "మరి దీనికి కథలెవరు నేర్పిండ్రమ్మా?" అన్నడు. "నేనే. కథ చెప్పకుంటె ఇది బీడీలకు దారం కట్టకపోయేది." "మాక్కూడ ఒకటి చెప్పు పెద్దమ్మా!" "దారం కడ్తరా మరి?" పరాచికమనుకున్నరు గాని, అత్త అప్పటికే చుట్టిన బీడీలు పంచుతున్నది. "కొత్త కోడలు బాయిల బొక్కెన ఏసింది. గుంజితె మస్తు బరువు..." ఎవరి చెయ్యి ఆగినా కథ ఆగుడే. మరమగ్గం కవి వేళ్లు దారం మీద ఉరికినై. "సారూ, గదేం ముడి? గాలికే ఊడుతది!" ఆఖరికి, "బొక్కెన పైకొచ్చింది. అండ్ల నీళ్లు లెవ్వు, గాజులేసుకున్న చెయ్యి. అది కోడలి చెయ్యి పట్టుకొని..." అని, చాట దులిపి, "ఇగ లేవే, బస్సుకు ఏళయింది" అన్నది.

రచయితలంత బస్టాండు దాక వెంటబడ్డరు. "పట్టుకొని ఏమన్నది పెద్దమ్మా?" కిటికీ కాడ సారు నాతోని, "ఆ కథ పూర్తిగ రాసుకొని రా, సంకలనంల ఏద్దాం!" అన్నడు. బస్సు కదలంగనే అత్త గదవ పట్టుకొని బతిమాలిన. "నాకేమెరుక? బీడీలైపోయినై, ఆపిన."

ముగింపు నేనే కల్పించిన, అచ్చయింది. అత్తకు చదివి వినిపిస్తే, "గట్ల గాదే" అన్నది, ఎట్లనో మాత్రం చెప్పలే. ఇప్పుడు అత్త లేదు. సభల్లో పిల్లలు, "మేడమ్, మీ మీద ఎవరి ప్రభావం?" అని అడిగితే, నేను గొంతు సవరించుకొని పెద్ద పేరొకటి తీస్తనో లేదో, వెనక వరుస దిక్కు చూపు పోతది. గాయన ఏ ఊరాయనో నాకు ఇప్పటికీ తెల్వదు. ఆ చెయ్యి ఏమన్నదో అంతకన్న తెల్వదు.