నాలుగు రెబ్బల అబద్ధం

మునిచంద్ర సారుకు దేవుడు కళ్ళూ చెవులూ ఏదో మొహమాటానికి ఇచ్చాడు. అసలు సరుకంతా ముక్కులోనే పెట్టాడు. ఎదుటివాడు నోరు తెరిస్తే చాలు, తెల్లగడ్డ, అదే వెల్లుల్లి, ఎప్పుడు తిన్నాడో గంటలతో సహా చెప్పేస్తాడు. ఎవరూ అడగరు గనక తనే చెబుతాడు.

పలమనేరులో ముప్పై ఏళ్ళు జంతుశాస్త్రం చెప్పి, రిటైరై, తిరుపతిలో వకుళాదేవిగారి మేడమీద అద్దెకు దిగాడు. క్లాసులో పిల్లలు నిద్రపోయిన పాఠాల కసంతా ఇప్పుడు ఊరిమీద తీర్చుకుంటున్నాడు.

"ఏమప్పా, నిన్న మధ్యాన్నం తెల్లగడ్డ కారం గట్టిగానే పట్టించినావే!" అన్నాడోసారి కాణిపాకం బస్సులో కండక్టరుతో.

"పండ్లు తోముకున్నా, యాలక్కాయ నమిలినా. ఇంకేం సెయ్యల్ల సార్?"

"వాసన నోట్లో ఉంటే కదప్పా పోయేది! నీ నెత్తురులో ఉండాది. దంచినప్పుడు పుట్టిన ఘాటు కడుపులోకి పోయి ముక్కలు ముక్కలైతాది. అందులో ఒక మొండి ముక్క తొందరగా అరగదు. నెత్తురులో కలిసి, ఊపిరితిత్తుల్లోకి పోయి, నీ ఊపిరిలో టికెట్టు లేకుండా బయటికొస్తాది. ఒక దినమంతా!"

కండక్టరు కాణిపాకం దాకా మళ్ళీ నోరు తెరవలేదు. టికెట్లు కూడా సైగలతోనే కొట్టాడు.

తెలిసినవాళ్ళు పెళ్ళిచూపులకు తీసుకుపోతే అక్కడా అంతే. "మా ఇంట్లో తెల్లగడ్డ ముట్టము" అని పెళ్ళికొడుకు తండ్రి అన్నాడో లేదో, "మరి పొద్దున చట్నీలో ఎట్ల పడినాది?" అన్నాడు. ఆ తర్వాత ఆయన్ను ఎవరూ పెళ్ళిచూపులకు పిలవలేదు. ఇంతా చేసి తను మాత్రం ఒక్క రెబ్బ తినడు. కడుపులో పుండు.

ధనుర్మాసంలో తెల్లవారుతూనే వకుళాదేవిగారి హాల్లో ఆడవాళ్ళు తిరుప్పావై పాశురాలు చదువుతారు. ఆ ఇంటి గడప తెల్లగడ్డ ఎన్నడూ దాటలేదు. సారు మహాభక్తితో వెళ్ళి కూర్చుంటాడు, పొంగలి కోసం. ఆరోజు కొత్తకోడలు హంసిని పాశురం ఎత్తుకోగానే సారు ముక్కు లేచి కూర్చుంది. నిన్న మధ్యాహ్నం! హంసిని పాఠాలు చెప్పే బడిలో తోటి టీచరు కృపామణి క్యారియరే అయ్యుంటుంది. మూడు రెబ్బలకు తక్కువ లేదు!

వకుళాదేవిగారు కూడా ముక్కు చిట్లించారు. "తెల్లగడ్డ వాసన వస్తా ఉండాదే! సార్, మీరే చెప్పండి, ఎవరు?"

హంసిని పాశురాల పుస్తకం నోటికి అడ్డం పెట్టుకుంది. తలంటుకుంది, తులసాకు నమిలింది, ఇంకేం చేస్తుంది పాపం! కాపురానికొచ్చి నెల కాలేదు. ఇప్పుడు పదిమందిలో పేరు బయటపడితే ఆ ఇంట్లో ఇక తలెత్తుకోలేదు. మునిచంద్ర సారుకేమో జన్మలో మొదటిసారి ఎవరో ఆ ప్రశ్న అడిగారు. గొంతు సవరించుకున్నాడు.

"నేనేమ్మా. నిన్న మధ్యాన్నం తినినాను."

"మీకు కడుపులో పుండు కదా?"

"మానిపోయినాది."

అబద్ధమాడితే సరిపోతుందా? రుజువుండాలి. బజారుకు పోయి తెల్లగడ్డ కొనుక్కొచ్చి, మేడెక్కి నాలుగు పచ్చి రెబ్బలు దంచి, ఘాటు పూర్తిగా పుట్టాలని పది నిమిషాలు ఆగి మరీ మింగాడు. శాస్త్రమంటే శాస్త్రమే! ఇక సాయంత్రం దాకా కడుపు పట్టుకుని మెలికలు తిరిగాడు.

అప్పుడు హంసిని వచ్చింది, రెండు గ్లాసుల పాలతో.

"అత్తయ్య పంపించినారు సార్. ఒకటి మీ కడుపు మంటకంట. ఇంకొకటి..." తల వంచుకుంది. "నన్ను తాగమన్నారు."

"అయితే తెలిసిపోయినాదా!"

"మీరు మేడెక్కినాక కూడా హాల్లో వాసన పోలేదంట. పాలు అన్నంతో పాటు తాగితేనే వాసన బాగా తగ్గుతాదంట, తర్వాత తాగితే అంత పని చెయ్యదంట. రేపట్నుంచి బడికి సీసాలో పోసిస్తానన్నారు. ఎప్పుడో మెట్లమీద నిలబడి అత్తయ్యకు మీరే చెప్పినారంట కదా సార్?"

సారు కడుపుమంట మరిచిపోయాడు. ముప్పై ఏళ్ళ సర్వీసులో తన పాఠం చివరిదాకా విన్న మనిషి ఇన్నాళ్ళకు దొరికింది, అదీ ఇంటి ఓనరు!

"పెరుగు కూడా పని చేస్తాదమ్మా. ఎట్లంటే..."

హంసిని పాలు తాగేసి, కొంగు సర్దుకుని మెట్టుమీద కూర్చుంది.

"చెప్పండి సార్," అంది.