సీసా అడుగున నీళ్ళు

ఈరోజు పొద్దున, పెరట్లో నిలబెట్టి వానకు వదిలేసిన డ్రమ్ములోంచి డీజిల్ తోడి, చూడకుండా, వడగట్టకుండా మా చెల్లెలి ట్రాక్టర్‌లో పోశాను. పాన్‌గల్ దగ్గర కౌలుకు పట్టిన చెలకలో కంది విత్తడానికి వాళ్ళకున్నది మొన్నటి వాన పదును ఒక్కటే, ఎండ చూస్తే అది సాయంత్రం దాకా నిలిచేలా లేదు. కాసేపు తిరిగిందో లేదో ట్రాక్టర్ దగ్గి, తెల్లటి పొగ కక్కి, చాళ్ళలోనే ఆగిపోయింది. మా బావ నా మొహం చూశాడు. నేను తలతిప్పుకొని, బంకులోనే కల్తీ చేసి ఉంటారన్నాను. తప్పు మీద తప్పు.

నా ఈడువాళ్ళు నవ్వుకుంటారేమో గాని, మంచి డీజిల్ వెతకడమే ఒకప్పుడు నా ఉద్యోగం. కొత్తకోటలో లారీల కింద పడుకొని పని నేర్చుకొని, మన పాలమూరు వాళ్ళలో ఎందరిలాగో బొంబాయి పోయి, అక్కడ ఒక షావుకారు విహారానికి కొనుక్కున్న తెరచాప పడవలో ఇంజను చూసే పనికి కుదిరాను. ఏటా నెలల తరబడి దీవుల వెంట తిరిగేవాళ్ళం. ఊరికొస్తే అందరూ ఆ దీవుల సంగతులు చెప్పమనేవాళ్ళు. ఏం చెప్పను? వాళ్ళు సముద్రం చూశాననుకున్నారు, నేను చూసింది డ్రమ్ములు. ఏ దీవిలో దిగినా మిగతావాళ్ళు ఈతకు పోతే, నేను డబ్బాలు మోసుకుంటూ డీజిల్ ఎవరి దగ్గరుందో అడుగుతూ ఎండలో తిరిగేవాణ్ణి. దొరికితే అది ఏ కొబ్బరిచెట్టు కిందో తుప్పుపట్టిన డ్రమ్ములో ఉండేది. ఆ ఉక్కకు డ్రమ్ముకు లోపల చెమటపోసినట్టు నీరు చేరి, నీటికీ డీజిల్‌కూ నడుమ నల్లటి జిగురు పెరిగేది.

పడవ నడిపే పెద్దాయన కేరళ మనిషి. గాజుసీసా నిండా డీజిల్ పట్టించి, నీడలో పెట్టి, అది తేరేదాకా పక్కనే కూర్చునేవాడు. అమ్మేవాడు విసుక్కున్నా, పడవ మీదినుంచి షావుకారు కేకలేసినా కదిలేవాడు కాదు. సీసా అడుగున నీటిబొట్టు కనిపిస్తే ఖాళీ డబ్బాలతో ఇంకో దీవికి పోవడమే. ఒకసారి అలసట కొద్దీ, ఇంతమాత్రం నీరు ఏం చేస్తుందని నేను గొణిగితే, నడిసముద్రంలో ఇంజను ఆగితే ఎక్కడ దిగి నడుస్తావని తన వచ్చీరాని హిందీలో అడిగాడు. ఆ మాట నేను సముద్రానికే అనుకున్నాను. నేలమీదికి వచ్చాక, ఆగితే దిగి నడవొచ్చు కదా అని కాబోలు, సీసా పట్టడమే మానేశాను. దిగి నడవడానికి నేల ఉంది గాని, పదును ఆగదు.

బావ తువ్వాలు భుజాన వేసుకొని బంకువాడితో కొట్లాటకు బయలుదేరాడు. అప్పుడు గాని నా నోరు పెగలలేదు. తప్పు నాదే, డ్రమ్ములో వాననీళ్ళు దిగినయని చెప్పాను. ఆయన తువ్వాలు తీసి, ట్రాక్టర్ వైపు వెనక్కి తిరిగాడు. చెల్లె విత్తనాల గంప దింపి, "దేశాలన్నిట్ల డీజిల్ సూసొచ్చినవ్, మా ట్రాక్టర్‌కాడికొచ్చేసరికి నీళ్ళు పోస్తివా అన్నా?" అంది. నవ్వు కాదది. "పదును పోతే మల్ల వాన ఎప్పుడొస్తదో ఎవరికి తెల్సు" అంటూ చాలులోని మట్టి చేతిలోకి తీసుకొని చూసింది.

బావను ఫిల్టర్‌కూ డీజిల్‌కూ కొత్తకోట పంపి, నేను ట్రాక్టర్ కింద పడుకున్నాను. ట్యాంకు ఒంపి, గొట్టాలు ఊది, ఆయన వచ్చాక ఫిల్టర్ మార్చేసరికి పొద్దు వాలింది. కొత్త డీజిల్ సీసాలో పట్టి నీడలో పెట్టాను. "ఏంది బావా, ఇంకా ఏం సూస్తున్నవ్?" అని ఆయన పరేషాన్ అవుతుంటే, జర ఆగమన్నాను. ఇప్పుడు అడుగడుగునా బంకులే, డీజిల్ కోసం తిరగడం లేదు, తేరేదాకా కూర్చునే ఓపికా లేదు. అడుగు తేటగా ఉంది. పోసి, గొట్టాల్లో చేరిన గాలి తీశాం. ఇంజను అందుకుంది.

చీకటి పడేలోగా గట్టువైపు మూల తప్ప అంతా విత్తారు. ఆ మూల పదును అప్పటికే ఆరిపోయింది. బోరు దగ్గరినుంచి బిందెతో నీళ్ళు మోసి, గుంట గుంటకూ పోసి, ఒక్కో గింజా చేత్తో పెట్టాను. నడుము పట్టేసింది. చెల్లె వచ్చి రెండో బిందె ఎత్తుకుంది.