విరుదునగర్ దిద్దిన నకలు

నా చివరి పోస్టింగ్ తమిళనాడులోని కోవిల్‌పట్టిలో, ఒక మిరప గోదాముల కంపెనీకి సిస్టమ్స్ మేనేజరుగా. పదవీ విరమణకు ఏడాది ముందు, ఎండుమిరప తేమ పరీక్షను కంపెనీ విరుదునగర్ ల్యాబుకు మార్చింది. బస్తాలు కోవిల్‌పట్టిలోనే ఉంటాయి. మచ్చు మాత్రం బస్సెక్కి అక్కడికి వెళుతుంది.

అంతవరకు ఒకే కంప్యూటర్లో నడిచిన ప్రోగ్రామును రెండుగా విడదీశాం. పరీక్ష భాగం రెస్ట్ వెబ్ సర్వీసు అయింది, అంటే నెట్‌వర్కు మీదుగా అడిగితే పనిచేసే ప్రోగ్రాము. ఆ పని చేసిన వేణుగోపాల్ చురుకైనవాడు. ఆ సంగతి అతనికీ బాగా తెలుసు.

ఒకరోజు రంగమ్మ అనే రైతు గోదాము గుమ్మంలో తన బస్తాల మీద కూర్చుని కదలనంది. నన్ను పిలిచారు. నన్ను చూడగానే అరవం వదిలేసి ఇంట్లో మాట్లాడే తెలుగులో మొదలుపెట్టింది.

“విర్దునగర్ నుంచి ఫోన్ చేసి, ఈరం ఉండాది, ఆరబొయ్యాల అన్నారు. మీ పెట్టెలో సరిగా ఉండాదంట. లోపల పెట్టి పూసనం పడితే ఏడాది పంట పాయె గదా సామీ!”

ఈరమంటే తడి, పూసనమంటే బూజు. ఆమె చెప్పింది నిజమే. ల్యాబు తెర మీద ఆ బస్తాలు ‘నిల్వకు తగనివి’, మా తెర మీద ‘తగినవి’. హమాలీలను ఆపించి వేణును పిలిచాను.

“ఆబ్జెక్టునే గదా సార్ ఇచ్చినాను, వాళ్లు మార్చేది దాన్నే గదా?” అన్నాడు.

ఆబ్జెక్టంటే ఇక్కడ ఒక రైతు సరుకు వివరాల మూట. ఒకే ప్రోగ్రాములో ఫంక్షనుకు, అంటే ఒక పని చేసిపెట్టే ముక్కకు, అందేది ఆ మూట మెమరీలో ఎక్కడుందో చెప్పే రెఫరెన్సు. ఫంక్షను అక్కడ దిద్దితే మన మూటే మారుతుంది. వేరే ఊరి యంత్రానికి ఆ చిరునామా ఎందుకూ కొరగాదు. వివరాలు అక్షరాలుగా వెళతాయి, అవతల కొత్త ఆబ్జెక్టు తయారవుతుంది. విరుదునగర్ దిద్దింది ఆ నకలునే. రెండు భాగాలనూ నెట్‌వర్కు లేకుండా ఒకే ప్రోగ్రాముగా కలిపి పరీక్షించారు కాబట్టి తప్పు బయటపడలేదు.

మచ్చు అక్కడ ఆరబోస్తే మూట ఇక్కడ ఆరుతుందా అని అడిగాను. నాకు ఒళ్లు మండింది.

సర్వీసు దిద్దిన వివరాలను జవాబుగా పంపేలా, మా ప్రోగ్రాము వాటిని తన ఆబ్జెక్టులో రాసుకునేలా వేణు ఆరోజే సరిచేశాడు. రంగమ్మ మిరపకాయలు మా ఆవరణలోనే ఎండాయి. అంతకుముందు లోపలికి వెళ్లిన బస్తాలను బయటికి తీయించాం. రంగమ్మలా గుమ్మంలో అడ్డం కూర్చోకుండా వెళ్లిపోయిన రైతుల సరుకు కొంత అప్పటికే బూజు పట్టింది.

మా ఆబ్జెక్టు తయారయ్యేటప్పుడే అందులో ‘తగినవి’ అని ఉండేది. దాన్ని ‘తెలియదు’ అని మార్పించాను. జవాబు అందేదాకా ఏ ప్రోగ్రామూ అంతకుమించి చెప్పకూడదు.