నీరుకట్టె వాసన

పెళ్లయిన కొత్తలో సంతోషమ్మ పిన్నికి మొగుడి మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే, చేతుల కంపు.

సత్యవేదం బాబాయిది బంటుమిల్లి దగ్గర పల్లె. పగలు కూలిపని, పొద్దుగూకే వేళ పొలాలకు నీళ్లు పారే పంటబోదెలో మావులు పెట్టడం. మావంటే వెదురుపుల్లల బుట్ట. అందులో దూరిన చేపకు వెనక్కి దారి దొరకదు. చేపల కోసం నీరుకట్టె కూడా దూరేది. ఒళ్లంతా గళ్లచీర కట్టినట్టుండే నీటిపాము. విషం లేదు గానీ కోపం దండిగా ఉంటుంది. బాబాయి దాన్ని మెడ పట్టి బోదెలోకి విసిరేసేవాడు. అది ఊరికే పోయేదా! పోతూ పోతూ చేతికి కంపు అంటించేది.

"బొగ్గుతో తోమినా, సీకాయతో కడిగినా వదిలేది కాదమ్మా. 'ఆ చేత్తో కంచం ముట్టావంటే గుడివాడ, మా అమ్మ దగ్గరికి వెళ్లిపోతా' అనేదాన్ని. 'వెళ్లు. అక్కడి కాలవల్లో పాముల్లేవా ఏంటి?' అనేవాడు" అని నవ్వుతుంది పిన్ని.

తర్వాత పొలాలు చేపల చెరువులయ్యాయి. గట్ల చుట్టూ నైలాన్ వలలు లేచాయి. బోదెలో నీటి రంగు మారింది. మావు అటకెక్కింది. బాబాయి బందరులో ఐసు ఫ్యాక్టరీ పనికి కుదిరాడు. ఆ కంపు ఇల్లు వదిలి ఎప్పుడు వెళ్లిపోయిందో పిన్ని గమనించనే లేదు.

కిందటేడు వానలకు బోదెలోకి కొత్తనీరు వచ్చింది. బాబాయికి మనసాగలేదు. మావు దించి, కట్లు బిగించి, సాయంత్రం తూము దగ్గర పెట్టాడు. తెల్లవారి వెళ్లి చెయ్యి దూర్చాడు. కళ్లకు శుక్లాలు, లోపల ఏముందో ఆనలేదు. చురుక్కుమంది.

నెత్తురు కారే వేలితో గుమ్మంలోకి వచ్చి నవ్వాడు.

"పాతచుట్టం పలకరించిందే! నీరుకట్టె. టీ పెట్టు."

"చూశావా?"

"చూడ్డమెందుకు? మెడ పట్టి విసిరేశాగా. చేతికి తెలీదూ?"

పిన్ని పొయ్యి వైపు పోలేదు. కట్లపామైతే? పక్క ఊరి పోతురాజుని అంతకుముందు వానల్లో అదే పొట్టన పెట్టుకుంది. బాబాయి చెయ్యి లాక్కుని ముక్కు దగ్గర పెట్టుకుంది.

అదే. బురద, మురిగిన చేప కలిసిన కంపు. పెళ్లయిన ఏటి కంపు.

"కళ్లమ్మట నీళ్లొచ్చేశాయి. ఎందుకని మాత్రం అడక్కు" అంటుంది.

"చెప్పానా? ఇక టీ పెట్టు" అన్నాడు బాబాయి.

"వాసన దానిదే. లే, ఆటో ఎక్కు."

"మళ్లీ ఆటో ఎందుకే?"

"నువ్వు విసిరింది నీరుకట్టె. నిన్ను కరిచింది అదేనని ఎవరు చెప్పారు? మావులో ఒకటే దూరాలని రూలుందా?"

బాబాయి వెళ్లి ఆటో ఎక్కాడు. పిన్ని ఆ చెయ్యి ఒళ్లో పెట్టుకుని బందరు దాకా ప్రార్థన చేస్తూనే ఉంది.

ఆస్పత్రిలో రక్తం పరీక్ష చేసి, మర్నాటి దాకా ఉంచి చూశారు. విషం లేదన్నారు.

"ప్రాణం దక్కింది, దేవుడికి స్తోత్రం. ఆ నర్సమ్మ మాత్రం నేను చూస్తుండగానే సబ్బు పెట్టి మోచేతి దాకా ఆ కంపంతా కడిగిపారేసింది!" అంటుంది పిన్ని.

మావు మళ్లీ అటకెక్కలేదు. పిన్ని దాన్ని వంటింటి చూరుకు తగిలించింది.

"ముందు కళ్ల ఆపరేషన్. అప్పటిదాకా దాన్ని ముట్టుకున్నావంటే ఊరుకోను."

"తర్వాత? చేతులు కంపు కొడతాయే మరి."

"కొట్టనీ" అంది పిన్ని.