బిస్కెట్ డబ్బాలోని గోళీలు

మా ఇంట్లో కడుపునొప్పి గోళీలు పాత బిస్కెట్ డబ్బాలో ఉంటాయి. వేములపల్లిలో ఊరి డాక్టరు ఇచ్చినవాటిలో రెండు వాడి, మిగిలినవి దాచుకోవడం మా అలవాటు. ఎవరు కడుపు పట్టుకున్నా మా ఆవిడ చెయ్యి ముందు ఆ డబ్బా మీదికే పోతుంది.

రెండు నెలలుగా నాకు మలంలో రక్తం పడుతోంది. మా అన్నకూ ఇట్లాగే మొదలై, పేగు క్యాన్సర్‌తో పోయాడు. అందుకే సూర్యాపేట డాక్టరు గొట్టం వేసి పేగు చూడాలనగానే సరేనన్నాను. ముందు పేగు ఖాళీ కావాలి. చెప్పిన రోజు తెల్లారగానే పొడి కలిపిన నీళ్లు రెండు లీటర్లు తాగడం మొదలుపెట్టాను. ఐదోసారి పాయిఖానా నుంచి వచ్చేసరికి పేగులు మెలిపెట్టి గడపలోనే కూలబడ్డాను.

మా ఆవిడది కోదాడ దగ్గర చిలుకూరు. "ఇది వేసుకోండి, జర ఆగుద్ది," అని గోళీ నోట్లో పెట్టింది. నొప్పి ఆగింది. కడుపు కదలడమూ ఆగింది. హాయిగా ఉందని రెండోది నేనే అడిగి వేసుకున్నాను.

మధ్యాహ్నం సూర్యాపేటలో డాక్టరు గొట్టం కొంచెం పోనిచ్చి బయటికి తీసేశాడు. లోపల శుభ్రం కాలేదు, ఏమీ కనిపించడం లేదన్నాడు. ఏం మింగావని అడిగితే మా ఆవిడ సంచిలోంచి డబ్బా తీసి చూపించింది.

"అమ్మా, గీ మందు మేం గూడ ఇస్తం. గొట్టం ఏసే ముందు సూదిల ఇస్తం, పేగు కదలకుండ ఉండాలని. కడిగేటప్పుడు అది కదలాలె గదా. మీరు అప్పుడే ఆపేసిన్రు. ఇగ వచ్చే వారం మళ్ల రాన్రి."

తిరుగు బస్సులో ఆమె పక్కన కాకుండా వేరే సీట్లో కూర్చున్నాను. రెండో గోళీ అడిగింది నేనేనని తెలిసి కూడా తప్పంతా ఆమె మీదే వేశాను. ఆ వారమంతా మా అన్న చివరి రోజుల ముఖమే కళ్లముందుంది. భయపడీ భయపడీ అలసిపోయాను. ఏదో ఒకటి తేలిపోతే చాలనిపించింది.

రెండోసారి పొడి నీళ్లు తాగినప్పుడూ మళ్లీ అదే నొప్పి. చల్లకొచ్చి ముంత దాచడమెందుకని గోళీ ఇమ్మన్నాను.

"డబ్బా పక్కింట్లో పెట్టొచ్చాను," అంది.

ఎంత తిట్టినా నా చెయ్యి వదల్లేదు.

ఈసారి సూది వాళ్లే వేశారు. నోరెండిపోయింది, గుండె దడదడలాడింది, గొట్టం మాత్రం సాఫీగా పోయింది. చిన్న కండ ఒకటి పెరిగి ఉంటే తీసి పరీక్షకు పంపారు. నాలుగు రోజులకు ఫోన్ చేసి క్యాన్సర్ కాదని చెప్పారు. సంతోషించే ఓపిక కూడా లేదు. ఆమెకు చెప్పి మంచం మీద వాలాను.

ఆమె పక్కింటికి పోయి డబ్బా తెచ్చుకుంది. ఒక గోళీ తీసి, తనే వేసుకుని నీళ్లు తాగింది.

"నీకేమైంది?"

"ఆ రోజు డాక్టరు మళ్లీ రమ్మన్నకాడ నుంచి కడుపులో మెలిపెడతానే ఉంది. మీ సంగతి తేలాక వేసుకుందామని ఆగాను."

ఇన్నేళ్ల కాపురంలో ఆమెకు నా చేత్తో ఒక గోళీ ఇచ్చిన రోజు ఎంత వెతికినా గుర్తు రాలేదు.