రాడ్ పట్టుకోని కండక్టరమ్మ

మా అత్తయ్య ఇరవై ఎనిమిదేళ్లు సిటీ బస్సులో కండక్టరు. రిటైరై పదమూడేళ్లయినా వీధిలో అందరికీ కండక్టరమ్మే. అన్నేళ్లలో ఒక్కసారి కూడా బస్సులో రాడ్ పట్టుకోలేదట. ఒక చేతిలో టిక్కెట్లు, ఇంకో చేతిలో సంచి, పట్టుకోవడానికి మూడో చెయ్యి ఎక్కడిది? బస్సు ఆపమని తను "హోల్డాన్" అని అరిచాక బ్రేకు పడేలోపు మోకాళ్లు వంచి, నడుం సీటుకి ఆనించేదట, అంతే. "రాడ్ పట్టుకునేది ప్యాసింజర్లు" అంటుంది. ఇంట్లో మెట్ల రెయిలింగ్ కూడా ఆమె దృష్టిలో రాడ్డే. చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది తప్ప ఆ చెయ్యి దాని మీద పడలేదు.

ఆమెది పైగది. కిటికీలోంచి మెయిన్ రోడ్డు మలుపు కనిపిస్తుంది. పొద్దున్నే అక్కడ కుర్చీ వేసుకుని, "ఐదో నంబరు ఆరు నిమిషాలు లేటు" అని కిందికి కేకేస్తుంది, ఆ ఆరు నిమిషాలూ నేనే మింగేసినట్టు. ఆ కిటికీకి దూరం చేస్తే ఆమె మంచం పడుతుందని నాకు తెలుసు. మా ఆయనకి మాత్రం మెట్లంటే భయం. "ఒక్కసారి పడ్డావో, పైగదికి తాళమే" అని తల్లికి తేల్చి చెప్పాడు.

పోయిన నెల ఆమె బాత్రూమ్ గుమ్మం దగ్గర పడింది. చూసింది నేనొక్కదాన్నే. మోచెయ్యి కమిలింది, ఎముకలు బాగానే ఉన్నాయి. "వాడికి చెప్పావో, ఇంక నీతో మాట్లాడను" అంది. మాట్లాడకపోతే నా చెవులకి కాస్త విశ్రాంతే, కానీ ఆమె కళ్లల్లో భయం చూసి నోరు మూసుకున్నాను. అప్పట్నుంచి ఆమె మెట్లు దిగినప్పుడల్లా ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకునేదాన్ని.

అత్తయ్యకి నడుం నొప్పని మా ఆయనతో అబద్ధమాడి ఆమెని ఫిజియోథెరపిస్టు దగ్గరికి తీసుకెళ్లాను. ఫారంలో అలవాటుగా మా ఆయన ఫోన్ నంబరే రాశాను. అదే నేను చేసిన తెలివితక్కువ పని.

ఫిజియో ఆవిడ అత్తయ్యని కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోమంది. అత్తయ్య దర్జాగా నడిచొచ్చింది. రెండోసారి నడుస్తుండగా ఆవిడ మామూలుగా అడిగింది. "పొద్దున ఏం తిన్నారమ్మా?"

అత్తయ్య టక్కున ఆగిపోయింది. ఆగి, ఆలోచించి, జవాబు చెప్పి, అప్పుడు కదిలింది. ఇంకో ప్రశ్న వేస్తే మళ్లీ ఆగింది. కదిలే బస్సులో టిక్కెట్టు చింపుతూ, స్టేజీ పేరు అరుస్తూ, ఎవరితోనో పోట్లాడుతూ ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచిన మనిషి. ఇప్పుడు ఒట్టి నడకకే ఆమె బుర్రంతా సరిపోతోంది. నాకు ఏడుపొచ్చింది.

"మెట్ల మీద ఉన్నప్పుడు మాత్రం మాట్లాడించకండి," అంది ఆవిడ నన్ను పక్కకి పిలిచి. "రెయిలింగ్ పట్టుకోనంటే కింద గదే మేలు."

శనివారం మధ్యాహ్నం అత్తయ్య ఆరిన బట్టలు రెండు చేతులా ఎత్తుకుని దిగుతోంది. నేను కింద నిలబడి, పలకరించకుండా పెదవులు బిగించుకుని చూస్తున్నాను. అప్పుడే వీధి తలుపు తోసుకుని మా ఆయన వచ్చాడు. పడ్డాక అమ్మగారు ఎలా ఉన్నారని ఫిజియో వాళ్లు ఆయనకి ఫోన్ చేశారట.

"అమ్మా, పడ్డావట కదా. నాకెందుకు చెప్పలేదు?"

ఆమె ఆగింది. ఒక కాలు మెట్టు మీద, ఇంకోటి గాల్లో. గొంతు వచ్చిన వైపు తల తిప్పింది. తలతో పాటు ఒళ్లు తిరిగింది, పాదం తిరగలేదు. మడమ మెట్టు అంచు మీద జారడం కనిపించింది. నేను పరిగెత్తినా ఏడు మెట్ల దూరం. రెయిలింగ్ పట్టుకోండని అరిచినా ఆ చెయ్యి వినదు. ఎలా తట్టిందో, ఆమె అరుపే నా నోట్లోంచి వచ్చింది.

"హోల్డాన్!"

ఆ మాట వెనకే బ్రేకు పడుతుందని ఆమె ఒంటికి తెలుసు. బట్టలు వదిలేసింది. మోకాళ్లు వంగాయి, నడుం గోడకి ఆనింది. అలాగే జారి మెట్టు మీద కూర్చుండిపోయింది. బట్టలు మాత్రం నా కాళ్ల దాకా వచ్చి పడ్డాయి.

మా ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. అత్తయ్య నన్నే చూసింది.

"బండి ఆపే హక్కు నీకెవరిచ్చారే?" అంది. మళ్లీ తనే, "వాడు తాళం వేస్తాడు కదూ?" అంది. కొడుకు ఎదురుగానే ఉన్నా నన్నే అడిగింది.

మా ఆయన వంగి బట్టలు ఏరుతున్నాడు. "రాడ్ పట్టుకుంటే వెయ్యను," అన్నాడు తలెత్తకుండా.

ఆమె చాలాసేపు రెయిలింగ్ వైపు చూసింది, పాత పగవాణ్ణి చూసినట్టు. తర్వాత చెయ్యి చాపి పట్టుకుని లేచి నిలబడింది. అడుగు మాత్రం వెయ్యలేదు.

"కాలు నొప్పా అత్తయ్యా?"

"నొప్పేం లేదు. ప్యాసింజరు రాడ్ పట్టుకుని నిలబడింది. రైట్ చెప్పవేం?"

ఆమె కదలకుండా నా నోటి వైపే చూస్తూ నిలబడింది.

"రైట్ రైట్," అన్నాను.