ఊఁ కొట్టే గేటు రెండు

మా తాత ఎల్లేశం చేతికి వాకీటాకీ ఇచ్చిన మొదటి వారంలోనే, హైటెక్ సిటీలోని ఒక పెద్ద భవనంలో జనమంతా వెళ్ళి నిలబడకూడని చోట నిలబడ్డారు. తప్పు తాతదే. అయితే ఆయన చేసిందల్లా ఊఁ కొట్టడం.

ఆ ఊఁ ఎక్కడిదో ముందు చెప్పాలి. తాత వాళ్ళది జనగామ దిక్కు, గొర్రెలు కాసిన ఇల్లు. పంట కోసిన చేలల్లో మంద పెట్టినప్పుడు వాళ్ళ నాయన కథ చెబుతుంటే కొడుకు ఊఁ కొట్టాలి. ఊఁ ఆగిందంటే కొడుకు నిద్రపోయాడని, మందకు కాపలా లేదని అర్థం. తోడేలు కూడా ఆ ఊఁ వింటూనే దూరంగా కూర్చునేదని తాత నమ్మకం. అందుకే ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే నోరు మూసుకుని వినడం ఆయనకు మర్యాదగా తోచేది కాదు. కండక్టర్ చెప్పినా ఊఁ, టీవీలో వార్తలు చదివే ఆమె చెప్పినా ఊఁ. ఒకసారి నేను కావాలని ఆయన ముందు కూర్చుని ఎక్కాలన్నీ వరసగా అప్పజెప్పాను. ఒక్కదానికీ తప్పకుండా ఊఁ కొట్టాడు. నా చదువు పదో తరగతి దగ్గర ఆగిపోయింది గానీ ఆయన ఊఁ మాత్రం ఆగలేదు.

వానలు లేక గొర్రెలు అమ్ముకుని పట్నం వచ్చారు. తాత మొదట ఆ భవనానికి ఇటుకలు మోశాడు. అది లేచి నిలబడ్డాక నీలం చొక్కా తొడుక్కుని దాని ముందే కాపలాకు నిలబడ్డాడు. నాయనమ్మ బుచ్చమ్మ అదే భవనంలో ఊడ్చి తుడిచే ఆడవాళ్ళకు పెద్ద. ఇద్దరూ హఫీజ్‌పేటలో ఒక గది కిరాయికి తీసుకుని, పొద్దున్నే సద్దిగిన్నెలతో కలిసి బయలుదేరేవారు.

వాకీటాకీ సెట్లు పంచి, వాడడం నేర్పింది మధుసూదన్ సారు. ఆయనది ప్రొద్దుటూరు, భవనం భద్రతంతా ఆయన చేతిలో ఉండేది. టెర్రస్ మీద లిఫ్టు గదిలో ఒక డబ్బా పెట్టించి దాన్ని రిపీటర్ అన్నాడు. చేతిలోని సెట్టుకు బలం తక్కువ. దాని మాట పైన డబ్బాకు చేరితే, ఆ డబ్బా అందుకుని గట్టిగా అందరికీ తిరిగి చెబుతుంది. బటన్ ఒత్తి, ఒక ఊపిరి ఆగి మాట్లాడాలి. లేకపోతే డబ్బా లేచేలోపు మొదటి మాట గాలిలో పోతుంది. ముందు ఎవరిని పిలుస్తున్నారో చెప్పి, తర్వాత మీరెవరో చెప్పాలి. మాట అయిపోగానే బటన్ వదిలేయాలి. మనుషుల పేర్లు వద్దు, చోటు పేరుతో పిలవాలి. ఇదంతా తాత ఊఁ కొడుతూ శ్రద్ధగా విన్నాడు.

ఆ వారమే అగ్నిప్రమాదం వస్తే ఎలా బయటపడాలో అందరికీ అలవాటు చేయించారు. అందరినీ ముందున్న పార్కింగ్‌కు తీసుకురండి, వెనక వైపు గుంతలు తవ్వుతున్నారు అని మధుసూదన్ సారు సెట్టులో చెప్పాడు. తాత మధ్యలో రెండుసార్లు బటన్ ఒత్తి ఊఁ అన్నాడు. మిగతా వాళ్ళకు చేరింది వెనక వైపు అన్న ముక్క ఒక్కటే. మెడలో కార్డులు వేసుకున్న జనమంతా గుంతల చుట్టూ నిలబడ్డారు.

"పెద్దాయనా, నేను మాట్లాడేటప్పుడు నువ్వెందుకు నొక్కినావప్పా?" అని మధుసూదన్ సారు అడిగాడు.

"ఇంటున్న అని చెప్పద్దా సార్?"

"వింటాంటే ఊరికే విను. ఇది ఫోను కాదు. దీంట్లో దారి ఒకటే, ఒకసారికి ఒకరే పోవల్ల. నువ్వు అడ్డం వస్తే నా మాట యాడికీ పోదు."

"మరి నేను మేలుకొనున్న అని మీకెట్ల ఎరుక?"

మధుసూదన్ సారు తాతను ముందు గేటు నుంచి వెనక గేటుకు మార్చాడు. అలా తాత గేటు రెండు అయ్యాడు. నాయనమ్మ కూర్చునేది స్టోర్‌లో కాబట్టి ఆమె స్టోరు.

ఈ ఏర్పాటుతో అందరికంటే ఎక్కువ సంతోషించింది నాయనమ్మ. పెళ్ళయిన నాటి నుంచి మొగుడి పేరు పలకలేక "ఇగో, నిన్నే" అని పిలిచిన మనిషి. ఇప్పుడు కంపెనీయే ఆయనకొక పేరు పెట్టి ఇచ్చింది.

"గేటు రెండు, గేటు రెండు, స్టోరు. అన్నం తిన్నవా?"

"స్టోరు, ఇది అన్నాల చానెల్ కాదు తల్లీ," అనేవాడు మధుసూదన్ సారు మధ్యలో వచ్చి.

ఇంట్లో కూడా అదే పేరు స్థిరపడింది. "గేటు రెండు, జర నీళ్ళు తేపో" అని ఆమె, "ఊఁ" అని ఈయన. గది ముందు ఆడుకునే పిల్లలకు కూడా ఆయన గేటు తాతే.

రెండువేల పదకొండులో సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగిపోయాయి, బొగ్గు గనులు ఆగిపోయాయి, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియకుండా పోయింది. తాత, నాయనమ్మ హఫీజ్‌పేట నుంచి కొండాపూర్ మీదుగా నడిచి డ్యూటీకి వెళ్ళేవారు. తాత జేబుకు జై తెలంగాణ బిళ్ళ ఉండేది. "డ్యూటీలో లోపలి పక్క పెట్టుకో పెద్దాయనా, మా పైవాళ్ళు చూస్తే నన్నడుగుతారు" అన్నాడు మధుసూదన్ సారు. తాత చొక్కా లోపల, గుండెకు తగిలేలా గుచ్చుకున్నాడు. రోజూ నాయనమ్మకు గుచ్చుకున్న చోటు చూపించేవాడు.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున మధుసూదన్ సారు సెట్టులో అందరికీ ఒక జాగ్రత్త చెప్పాడు. పైన డబ్బాకున్న బ్యాటరీ పాతదైపోయింది, కొత్తది ఈ బందుల్లో రావడం లేదు. కరెంటు పోతే డబ్బా ఆగిపోతుంది. అప్పుడు ప్రతి ఒక్కరూ సెట్టు పైనున్న పిడి తిప్పి రెండో చానెల్‌కు మారాలి, అందులో డబ్బాతో పని లేకుండా సెట్టు నుంచి సెట్టుకే మాట పోతుంది, కాకపోతే దగ్గర దగ్గరగానే. ఆయన సరిగ్గా రెండో చానెల్ సంగతి చెబుతుండగా తాత ఊఁ అన్నాడు.

"గేటు రెండు," అన్నాడు మధుసూదన్ సారు.

"సార్."

"ఏం లేదులే."

నాలుగైదు రోజులకు, మధ్యాహ్నం పూట, కరెంటు పోయింది. డీజిల్ ట్యాంకరు కూడా ఆగిపోయి ఉండడంతో, జనరేటర్‌లో ఉన్న కాస్తా కంప్యూటర్ల అంతస్తులకే ఇచ్చారు. సెట్లు మూగబోయాయి. మధుసూదన్ సారు తర్వాత గేటు దగ్గరికి వచ్చి మళ్ళీ చెప్పినట్టే తాత పిడి తిప్పి రెండో చానెల్‌కు వచ్చేసరికి, నాయనమ్మ కింద పనిచేసే జయమ్మ మెట్ల మీంచి ఆయాసపడుతూ దిగి వెనక గేటుకు వచ్చింది.

"అన్నా, అక్క చెత్త బండి తోసుకుంట సామాన్ల లిఫ్టు ఎక్కింది. కరెంటు పొయ్యింది. ఎక్కడ ఆగిందో ఎరుక లేదు. అన్ని తలుపులు కొట్టిన, పలుకుత లేదు."

నాయనమ్మకు దమ్ము జబ్బు ఉంది. దుమ్ములో, మూసిన గదిలో ఊపిరి అందదు. గట్టిగా అరిచే శక్తి ఆమెకు ఎప్పుడూ లేదు. ఆమె చేతిలో సెట్టు ఉంది. కానీ రెండో చానెల్‌కు మారాలన్న సంగతి ఆమెకు తెలుసా? ఆ మాట చెప్పినప్పుడే తాను ఊఁ అన్నాడు. తాత ఆ మెట్లు ఎక్కుతూ అదొక్కటే ఆలోచించానని చెప్పేవాడు. ఈ ముక్క చెప్పేటప్పుడు నేను కూడా ఆయన్ని ఏడిపించేదాన్ని కాదు.

సంగతి తెలిసిన మధుసూదన్ సారు లిఫ్టు మెకానిక్‌కు ఫోన్ చేసి, రెండో చానెల్‌లో అందరికీ ఒకే మాట చెప్పాడు. "ఎవ్వరూ బటన్ ముట్టుకోవద్దు. గేటు రెండు ఒక్కడే మాట్లాడ్తాడు."

ఇనుప డబ్బాలాంటి లిఫ్టులోంచి మాట బయటికి రావడం కష్టం. అందుకని తాత ప్రతి అంతస్తులో లిఫ్టు తలుపుల సందుకు సెట్టును నిలువుగా ఆనించి, "స్టోరు, స్టోరు, గేటు రెండు" అని పిలిచి, బటన్ వదిలి, నోరు మూసుకుని విన్నాడు. మొదటి అంతస్తులో ఏమీ లేదు. రెండో అంతస్తులో ఏమీ లేదు. మూడో దాంట్లో కరకరమన్న శబ్దం, దాని వెనక ఒక దగ్గు.

"గేటు... ఎర్ర లైటు అచ్చింది," అన్న మాట తెగిపోతూ వినిపించింది. బ్యాటరీ అడుగంటితే వెలిగే దీపం అది.

"మాట్లాడకు. బండి మీద కూసో. నేను అడుగుత. నువ్వు ఊఁ అనాల్నంటే బటన్ రెండు పార్లు ఒత్తి ఇడువు, గంతే."

టక్, టక్.

తాత ఒక్కో అంతస్తు ఎక్కుతూ అడిగాడు. ఊపిరి ఆడుతున్నదా? టక్, టక్. పైట నోటికి అడ్డం పెట్టుకున్నవా? టక్, టక్. అయిదో అంతస్తులో ఆ టకటకలు పక్కన నిలబడి కొట్టినంత స్పష్టంగా వచ్చాయి. ఆరులో మళ్ళీ మసకబారాయి. తాత అయిదుకు దిగి వచ్చి ఆ తలుపు ముందు చతికిలబడ్డాడు.

"నేను నీ తలుపు కాన్నే ఉన్న."

ఈసారి ఏమీ రాలేదు. మళ్ళీ చెప్పాడు. మళ్ళీ ఏమీ రాలేదు.

మధుసూదన్ సారు పైకి వచ్చేసరికి తాత సెట్టు వైపే చూస్తున్నాడు. మెకానిక్ మియాపూర్ నుంచి బండి మీద బయలుదేరాడనీ, మదీనాగూడ దగ్గర సమ్మె చేసేవాళ్ళు రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తుంటే ఆగిపోయాడనీ, లోపల ఆడమనిషి ఇరుక్కుందని చెబితే పొయ్యిలు పక్కకు జరిపి వాళ్ళే దారి ఇస్తున్నారనీ సారు చెప్పాడు.

"బ్యాటరీ అయిపోయినట్టుంది పెద్దాయనా."

"బ్యాటరీ అయ్యిందో, ఊపిరే అయ్యిందో."

మధుసూదన్ సారు ఆయన పక్కనే నేల మీద కూర్చున్నాడు. "బటన్ నొక్కితేనే బ్యాటరీ ఎక్కువ తింటాది. వినేదానికి కొంచెం చాలు. నీ మాట ఆమెకు వినపడతాండొచ్చు. మాట్లాడు."

"ఆమె ఊఁ అనకుంటె ఏం మాట్లాడుదు సార్?"

"ఏదో ఒకటి. నువ్వు ఈడ ఉండావని ఆమెకు తెలియల్ల."

తాత జన్మలో ఎప్పుడూ కథ చెప్పలేదు, ఊఁ కొట్టడమే. ఆ రోజు మొదటిసారి చెప్పాడు. వాళ్ళ నాయన చెప్పిన కథే. వాగు దాటుతుంటే ఒక నల్ల గొర్రె మెడలోని గంట నీళ్ళలో పడిపోయింది. మంద అవతలి ఒడ్డుకు చేరినా ఆ గొర్రె మాత్రం గంట కోసం వెనక్కి తిరిగింది. తాత కొంచెం చెప్పి, బటన్ వదిలి, ఆగి, మళ్ళీ ఒత్తి చెప్పాడు. ఆగిన ప్రతిచోటా ఊఁ రాలేదు. రాకపోయినా తర్వాతి ముక్క చెప్పాడు. చెప్పడానికి ఏమీ మిగలకపోతే గొర్రెను ఇంకో వాగు దాటించాడు. మధుసూదన్ సారు ఒక్క మాటకైనా అడ్డం రాలేదు.

మెకానిక్ వచ్చి తాళంతో తలుపులు తెరిచేసరికి లిఫ్టు నేలకు నడుమెత్తున ఆగి ఉంది. నాయనమ్మ చెత్త బండికి ఆనుకుని, పైట నోటికి పెట్టుకుని, సెట్టును చెవికి అదుముకుని కూర్చుని ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఇద్దరు పట్టి కిందికి దించారు. నీళ్ళు తాగించారు. చాలాసేపు ఊపిరి పీల్చుకోవడమే సరిపోయింది ఆమెకు. తర్వాత తాత వైపు తిరిగింది.

"మరి గంట దొరికిందా?"

"ఇన్నవా?"

"ఇన్న. ఒత్తితె సెట్టు ఆరిపోతాంది. ఆరిపోతె నీ మాట గూడ రాదు. అందుకే ఒత్తలె."

"రెండో చానెల్ సంగతి నీకెట్ల ఎరుకైంది?"

"నువ్వు ఊఁ అన్నవంటె ఏదో అసలు మాట పోయిందన్నట్టె గదా. ఎప్పుడు ఊఁ అన్నా దిగిపోయి సార్‌ను అడిగొస్త."

మధుసూదన్ సారు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. తర్వాత, రోజూ ఈమె వచ్చి "ఇందాక ఏం చెప్పిన్రు సార్" అని అడుగుతుంటే, చెవులు సరిగ్గా లేవేమో అనుకున్నానని చెప్పాడు.

ఆ తర్వాత తాత సెట్టులో ఊఁ కొట్టలేదు. ఇంట్లో కూడా కొన్నాళ్ళు మానేసి, నాయనమ్మ ఏదైనా చెబితే మంచం పట్టెను వేలితో రెండుసార్లు కొట్టేవాడు. "ఇది లిఫ్టు గాదు, నోరు తెరువు" అని ఆమె కసిరాక మళ్ళీ మొదలుపెట్టాడు.

తెలంగాణ వచ్చిన రెండేళ్ళకు నాయనమ్మను దమ్ము దవాఖానలో పడేసింది. చివరి రోజు మధ్యాహ్నం ముక్కుకు గొట్టం పెట్టారు. కళ్ళు మూసుకునే ఉంది. తాత స్టూలు దగ్గరికి లాక్కుని, నల్ల గొర్రె కథ మొదలుపెట్టాడు. కొంచెం చెప్పి, ఆగి, మళ్ళీ చెప్పాడు.

నర్సమ్మ వచ్చి సెలైను సరిచేసింది. "తాతా, ఆమెకు తెలివి లేదు. పలకదు."

"బ్యాటరీ తక్కువున్నది బిడ్డా," అన్నాడు తాత. "ఒత్తుడు కాదు గని, ఇనుడు ఇంటది."

నర్సమ్మ నా వైపు చూసింది. తాత అప్పటికే గొర్రెను వాగులోకి దింపాడు. ఆగిన చోట నేను ఊఁ అనబోతే, వేలు పెదవులకు అడ్డం పెట్టి వద్దన్నాడు. ఆ చోటు ఆమెది. అక్కడ కాసేపు ఆగి, తర్వాతి ముక్క చెప్పాడు.